ఆవకాయ జాడీ కింద సంతకం

నేను చదివింది ఐదో తరగతి. అది కూడా చివరి పరీక్షలు రాయకుండానే మానేశాను. ఆ తర్వాత నా చేత్తో రాసిందల్లా ఫ్రేము వెనక అట్ట మీద కస్టమర్ పేరు, కొలతలు. అంతే. మన ఫ్రేముల పనివాళ్ళ సంఘం కుర్రాళ్ళు వచ్చి, "బాబాయ్, నీ సర్వీసులో జరిగిందేదన్నా ఒకటి రాసివ్వు, పుస్తకంలో వేస్తాం" అన్నప్పుడు భయమేసింది. మేకు ఎక్కడ కొట్టాలో తెలుసు గానీ మాట ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది. అందుకని రాస్తున్నాను. పేర్లు రాయను.

మా షాపు విజయవాడ వన్‌టౌన్‌లో. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ కట్టేవాళ్ళం. ఓనరు గారు బల్ల దగ్గర కూర్చుని ఆర్డర్లు తీసుకునేవారు. గాజు కోసేవాడు ఒకడు. ఫ్రేము కట్టేది నేను. గోడవారగా లామినేషన్ మిషను, దాని దగ్గర ఒకావిడ. ఆవిడ నాకంటే చిన్నదే. కానీ వచ్చేపోయేవాళ్ళందరూ "లామినేషన్ అక్కా" అంటుంటే నాకూ అదే అలవాటైంది. ఆవిడ నన్ను అన్నయ్యా అనేది, నేను ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి. వినేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

అక్కది గుణదల. కొండ కిందే ఇల్లు. పనిలో మాత్రం పెట్టింది పేరు. ప్లాస్టిక్‌ని కాగితం అంచుదాకా కోసేది కాదు, చుట్టూ సన్నగా అంచు వదిలేది. "అంచు వదలకపోతే నీళ్ళు లోపలికి పోతాయండీ" అని ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆ తర్వాత నాలుగు మూలలూ గుండ్రంగా కోసేది. పదునుగా ఉంటే జేబులో గుచ్చుకుంటుందట. మూలలు కోసినందుకు విడిగా ఏమీ తీసుకునేది కాదు, అది ఆవిడ సరదా.

మా షాపుకి ఒక సారు వచ్చేవారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. మేం ఆయన్ని సంతకాల సారు అనేవాళ్ళం. నూట అరవై ఏళ్ళ కిందట అమెరికాలో వాళ్ళలో వాళ్ళకే యుద్ధం జరిగిందట. ఉత్తరం వాళ్ళు ఒకవైపు, దక్షిణం వాళ్ళు ఒకవైపు. ఆ యుద్ధంలో రెండు వైపులా పనిచేసిన మిలట్రీ ఆఫీసర్లు సంతకాలు పెట్టిన కాగితాలు ఈ సారు పోగుచేసేవారు. కంప్యూటర్లో వెతికి, వేలంపాటలో పాడి, పోస్టులో తెప్పించుకునేవారు. పైన ఆఫీసరు బొమ్మ, కింద సంతకం పెట్టి ఫ్రేము కట్టించుకునేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు నేనే అడిగాను, "మనకీ వాళ్ళకీ ఏంటి సార్ సంబంధం?" అని.

"పత్తి" అన్నారు. "అక్కడ కొట్టుకుంటుంటే పత్తి ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులవాళ్ళు మన వైపు చూశారు. మా తాతగారి తాత ఆ నాలుగేళ్ళలో పత్తి వ్యాపారం చేసి డాబా కట్టాడు. ఎవరు చచ్చిపోతే మా ఇల్లు లేచిందో వాళ్ళ చేతిరాత చూడాలనిపించిందోయ్."

అక్క మిషను దగ్గర్నుంచి అంది, "ఆ యుద్ధం పేరేంటన్నారండీ?"

"సివిల్ వార్ అమ్మా."

"సివిలంటే పొలం గట్ల గొడవలు కదండీ. మా పెదనాన్న వాళ్ళకీ ఉంది ఒకటి. సివిల్లో మనుషులు చావరు కదండీ?"

"ఎందుకు చావరమ్మా? తీర్పు వచ్చేలోపు ఇద్దరూ పోతారు" అన్నారు సారు. ఓనరు గారు పడీపడీ నవ్వారు. ఆయనకీ కోర్టులో ఒకటి నడుస్తోంది మరి.

ఆ ఫ్రేములు ఆరబెడితే వచ్చినవాళ్ళు తలా ఒక మాట అనేవాళ్ళు. ఆ బొమ్మల్లో అందరికీ గుబురు గడ్డాలు. "ఈయన ఏ మిషన్ ఫాదరండీ?" అని ఒకరు, "ఆనకట్ట కట్టిన దొరగారా?" అని ఒకరు. ఒక ముసలమ్మ అయితే కళ్ళకద్దుకుంది కూడా. సారు వద్దనేవారు కాదు.

ఆయన పని మాత్రం అందరి పనిలా ఉండేది కాదు. కాగితానికి గమ్ము తగలకూడదు. గాజు కాగితాన్ని ఆనకూడదు, మధ్యలో అట్ట కిటికీ కోసి ఎత్తు పెట్టాలి. ఆ అట్ట కూడా ఆయనే ఎక్కడినుంచో తెప్పించేవారు. ఎండ తగలని గోడకే తగిలించేవారు. "నేను పోయినా ఇవి ఉండాలోయ్. నా తర్వాత కాలేజీకి ఇచ్చేస్తాను, పిల్లలు చూస్తారు" అనేవారు. లామినేషన్ అంటే ఆయనకి ఒళ్ళుమంట. "వేడికీ ఆ జిగురుకీ కాగితం ప్రాణం పోయిద్ది. ఇక దాన్ని ఎవరూ తిరిగి తియ్యలేరు" అనేవారు. అక్క వినకుండా మెల్లిగా నాతో అనేవారు, ఆవిడ బాధపడుతుందని. అది నాకొక్కడికే చెప్పడం వల్లే తర్వాత ఇంత జరిగిందేమో.

ఆయన గోడ మీద ఒక ఫ్రేము ఉండేది. నేనే కట్టాను. అందులో రెండు కిటికీలు. ఒకదాంట్లో సంతకం ఉంది, రెండోది ఖాళీ. ఆ రెండూ ఇద్దరు ఆఫీసర్లవి. వాళ్ళు ఒకే మిలట్రీ బడిలో చదువుకున్నారట, ప్రాణ స్నేహితులట. యుద్ధం వచ్చేసరికి చెరొకవైపు వెళ్ళారు. ఖాళీ కిటికీ ఆయన యుద్ధం మొదట్లోనే పోయాడు. జనరల్ అయ్యాక ఎక్కువ కాగితాల మీద సంతకం పెట్టే టైము కూడా దొరకలేదాయనకి. అందుకే ఆ సంతకం అంత కరువు. ఆ ఖాళీ కిటికీ చూపించి సారు అనేవారు, "ఇది నిండితే నా పని అయిపోయినట్టే."

మాకు ఫిబ్రవరి వస్తే గుణదల తిరనాళ్ళు. కొండ దగ్గర మా షాపు వాళ్ళం చిన్న స్టాలు పెట్టేవాళ్ళం, మేరీమాత పటాలతో. ఆ ఏడాది అక్క స్టాలుకి వెళ్తానంది. ఇంటిపక్కనే కదా.

ఓనరు గారు ఒప్పుకోలేదు. "నువ్వెళ్తే ప్రార్థన చేసుకుంటా కూర్చుంటావు, పటాలెవరమ్ముతారు? అతన్ని పంపిస్తా" అని నన్ను పంపారు.

నేను తిరనాళ్ళలో ఉన్నప్పుడే సారుకి ఆ సంతకం వచ్చింది. గుర్రాలకి దాణా పంపమని ఆ జనరల్ రాసిన చిన్న చీటీ. ఆయన ఇంట్లో ఉండలేకపోయారు. ఆటో ఎక్కి నాకు చూపిద్దామని షాపుకి తెచ్చారు. నేను లేను.

ఓనరు గారు అన్నారట, "ఎల్లుండికి వచ్చేస్తాడండీ. ఇక్కడ పెట్టి వెళ్ళండి, కిటికీలో తనే అమరుస్తాడు."

సారు చాలాసేపు ఆలోచించి కవరుతో సహా బల్ల మీద పెట్టి, "పాడవకుండా చూడండి" అని వెళ్ళిపోయారు.

ఓనరు గారు ఆ కవరు తీసుకెళ్ళి అక్కకిచ్చారు. ఏమని ఇచ్చారన్నదే గొడవ. "సారుది, పాడవకుండా చూడు" అన్నానంటారు ఆయన. "సారుది, పాడవకుండా చెయ్యి" అన్నారంటుంది ఆవిడ. గాజు కోసేవాణ్ణి అడిగితే, "నేను గాజు మీద గీత పెడుతున్నా. ఆ టైములో భూకంపం వచ్చినా నాకు వినపడదు" అన్నాడు.

మీకు తెలియందేముంది. మన షాపుల్లో రోజుకి ఎంతమంది వస్తారు ఆ మాటతో? పది పాసైన సర్టిఫికెట్ తెచ్చి "పాడవకుండా చెయ్యండి" అంటారు. పట్టాదారు కాగితం తెచ్చి అదే మాట. లామినేషన్ అన్న మాట నోరు తిరగనివాళ్ళు కూడా ఆ మాట అంటారు. మన భాషలో ఆ మాటకి ఉన్న అర్థం ఒక్కటే.

నేను తిరనాళ్ళు అయ్యాక పొద్దున్నే షాపుకొచ్చాను. అక్క నన్ను చూడగానే లేచి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, నీ సారు పని చేసి పెట్టా. చూడు, ఒక్క బుడగ లేదు. కాగితం మెత్తగా ఉందని వేడి తగ్గించి రెండుసార్లు పంపించా."

చేతిలో పెట్టింది. దాణా చీటీ. నున్నగా మెరుస్తోంది. చుట్టూ అంచు సమంగా ఉంది. నాలుగు మూలలూ చక్కగా గుండ్రంగా ఉన్నాయి. దాన్ని బల్ల మీద పెట్టేశాను.

"ఏంటి? వంకరొచ్చిందా?"

"అక్కా, ఇది లామినేషన్ చెయ్యకూడదు."

"అదేంటి? పాడవకుండా చెయ్యమన్నారుగా."

నేను చెప్పాను. ఇది దేనికోసం, ఎన్నాళ్ళుగా వెతుకుతున్నారు, ఆ ఖాళీ కిటికీ, అంతా. వింటూ వింటూ ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"తీసెయ్యొచ్చుగా? వేడి చేసి మెల్లగా..."

"తీస్తే కాగితం కూడా ఊడొచ్చిద్ది."

అది ఆవిడకీ తెలుసు. ఊరికే అడిగింది.

సారు మధ్యాహ్నం వచ్చారు. చేతిలో మిఠాయి పెట్టె, నాకోసం. "ఏమోయ్, చూశావా?" అంటూ వచ్చి బల్ల మీదున్నది చూశారు. పెట్టె కింద పెట్టారు. దాన్ని తీసుకుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. ఆయన అరుస్తారనుకున్నాం. అరవలేదు.

"మూలలు కూడా కోశారే" అన్నారు.

అక్క ముందుకొచ్చింది. "నేనేనండీ చేసింది. పాడవకుండా చెయ్యమన్నారని..."

"చూడమన్నానమ్మా" అన్నారు సారు. "చెయ్యమనలేదు. చూడమన్నాను."

ఓనరు గారు వెంటనే అందుకున్నారు. "నేనూ చూడమనే చెప్పానండీ. ఈవిడకి చెవులుంటేగా!"

"మీరు చెయ్యమనే అన్నారండీ" అంది అక్క.

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా? ఇంత చదువుకున్నాయన కాగితం మీద నీకెందుకమ్మా పెత్తనం?"

సారు వాళ్ళ మాటలు వినట్లేదు. "ఇది ఇప్పుడు సంతకం కాదోయ్, ఐడీ కార్డు" అని నాతో అన్నారు. నవ్వుదామని అన్నట్టున్నారు గానీ నవ్వు రాలేదు. దాన్ని జేబులో పెట్టుకుని బయటికి నడిచారు. జేబులో గుచ్చుకోకుండా ఉండాలనే అక్క ఆ మూలలు కోసింది. ఆ మాట నాకు అప్పుడే గుర్తొచ్చింది, ఎందుకో.

ఆవిణ్ణి తీసెయ్యమని సారు అనలేదు. ఉంచమనీ అనలేదు. ఓనరు గారే అన్నారు, రేపట్నుంచి రావద్దని. అక్క తన టిఫిన్ బాక్సు, చిన్న కత్తెర సంచిలో పెట్టుకుంది. మూలలు కోసే కట్టర్ కూడా తనదే, సొంత డబ్బుతో కొనుక్కుంది. అదీ తీసుకుంది. మిషను స్విచ్ ఆపి, పైన గుడ్డ కప్పి వెళ్ళింది. మిఠాయి పెట్టె రెండు రోజులు అక్కడే ఉంది, చీమలు పట్టేదాకా.

సారు మళ్ళీ మా షాపుకి రాలేదు. అక్క మంగళగిరిలో చీరల షాపుల మధ్య ఒక ఇరుకు గదిలో జిరాక్సు, లామినేషన్ పెట్టుకుందని తెలిసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి నాకు చెయ్యి వణకడం మొదలైంది. వణికే చేత్తో గాజు పట్టుకోకూడదు. పని మానేశాను.

ఆ పైన బుడమేరు పొంగి నీళ్ళు ఊళ్ళోకొచ్చాయి. ఆ సంగతి విజయవాడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సారు ఇల్లు సింగ్‌నగర్ వైపు, కింది వాటా. ఆయన్నీ అమ్మగారినీ పడవలో తెచ్చారని ఎవరో చెప్పారు. నీళ్ళు తీశాక నాకు ఫోన్ వచ్చింది.

"నువ్వు పని మానేశావని తెలుసోయ్. అయినా నువ్వే రావాలి. నీ చేత్తో కట్టినవి, నీ చేత్తోనే విప్పు."

వెళ్ళాను. సందు నిండా బురద. ప్రతి ఇంటి ముందూ పరుపులు, ఫ్రిజ్జులు, పుస్తకాలు. సారు ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో లుంగీతో కూర్చుని ఉన్నారు. ఫ్రేములన్నీ అరుగు మీద వరసగా ఆనించి ఉన్నాయి. నీళ్ళు తలుపు పైదాకా వచ్చాయి, గోడ మీద గీత పడింది. ఫ్రేములన్నీ ఆ గీత కిందే ఉండేవి.

ఒక్కొక్కటే విప్పాను. వెనక అట్టలు ఉబ్బి చేతికే ఊడొచ్చాయి. లోపల బురద. కాగితాలు గాజుకి అతుక్కుపోయాయి, తీస్తే పొరలు పొరలుగా వస్తున్నాయి. కొన్నిటి మీద నల్లగా బూజు. ఆయన చెప్పినట్టే గమ్ము పెట్టకుండా, గాజు తగలకుండా, పద్ధతిగా కట్టిన ఫ్రేములు. నీళ్ళకి ఆ పద్ధతి తెలియదు. విప్పడం, ఆయనకి చూపించడం, ఆయన తలూపడం, పక్కన పెట్టడం. చివరికి ఆ రెండు కిటికీల ఫ్రేము వచ్చింది. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో సంతకం మొదటి అక్షరాలు మిగిలాయి, మిగతాదంతా మరక.

"అయిపోయిందోయ్" అన్నారు సారు. "కాలేజీకి ఏమిస్తాను, ఈ గాజులా?"

అమ్మగారు లోపల వంటింట్లో బురద ఎత్తిపోస్తున్నారు. అక్కణ్ణుంచే కేకేశారు, "ఏవండీ, ఇది కూడా మీదేగా? పారేస్తారా, ఉంచుతారా?"

బురద పట్టిన ప్లాస్టిక్ ముక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. ఒకవైపు గుండ్రంగా ఎర్రటి నూనె మరక.

"ఇదెక్కడిది?" అన్నారు సారు.

"ఆవకాయ జాడీ కిందది. ఆ రోజు షాపు నుంచి వచ్చి, 'నా కళ్ళకి కనపడకుండా ఎక్కడన్నా పడెయ్' అన్నారుగా. మందంగా ఉంది, నూనె దిగదు, అలమారకి మరక పడదని జాడీ కింద వేశా."

నేను బకెట్లో ముంచి, చొక్కా అంచుతో తుడిచాను. దాణా చీటీ. అక్షరం చెదరలేదు. కింద జనరల్ గారి సంతకం, చివర పెద్ద వంపుతో, నిన్న పెట్టినట్టుంది. అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూశాను. ఎక్కడా విడలేదు. చుక్క నీరు లోపలికి వెళ్ళలేదు.

సారు దాన్ని తీసుకున్నారు. ఆ రోజు షాపులో చూసినట్టే వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. నా వైపు తిరిగారు.

"ఆ అమ్మాయి ఎక్కడుంది?"

రోడ్లు బాగయ్యాక ఇద్దరం బస్సెక్కి మంగళగిరి వెళ్ళాం. సారు దారంతా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్క షాపు ముందు నలుగురైదుగురున్నారు. తల పైకెత్తి మమ్మల్ని చూసింది. ముందు నన్ను, తర్వాత ఆయన్ని. చేతిలో పని ఆపలేదు. వాళ్ళందర్నీ పంపించాకే మా వైపు తిరిగింది.

"ఏం సారు గారూ, మళ్ళీ ఏం పాడైంది?"

సారు సంచిలోంచి దాణా చీటీ తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పాడవ్వలేదమ్మా. మిగతావన్నీ పోయాయి. ఇదొక్కటే మిగిలింది."

అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసి, గోటితో అంచు గీకింది. "ఈ నూనె మరకేంటండీ?"

"ఆవకాయ. జాడీ కింద వేశారు" అన్నాను నేను.

అక్క నవ్వలేదు. దాన్ని గుడ్డతో తుడిచి, తిరిగి బల్ల మీద పెట్టింది. "నా ఉద్యోగం కూడా దీంతోపాటే పెట్టారండీ, ఆ జాడీ కింద" అంది.

సారు తల దించుకున్నారు. "ఆ రోజు నేనొక్క మాట అంటే నీ పని ఉండేదమ్మా. అనలేదు. నా కాగితం ఒక్కటే కనపడింది నాకు."

అక్క లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి ఆయనకేసింది. నాకు వెయ్యలేదు, నేను ఇంటివాణ్ణని.

సారు కూర్చుని, సంచిలోంచి పేపర్లో చుట్టిన ఇంకో కాగితం తీశారు. ఆ స్నేహితుడిది, మొదటి అక్షరాలే మిగిలింది. రెండు చేతులతో ముందుకు జరిపారు. "వీళ్ళిద్దరూ ఒక బడివాళ్ళు. ఒకచోట ఉండాలి. దీన్ని కూడా పాడవకుండా..." అని ఆగిపోయారు.

అక్క ఎదురుచూసింది.

"చూడమంటారా, చెయ్యమంటారా?" అంది. "ఇప్పుడు నేను అందర్నీ అడుగుతానండీ. ఏం చెయ్యాలో పేరు పెట్టి చెప్తేనే ముట్టుకుంటా."

సారు నన్ను చూశారు. ఇన్నేళ్ళూ ఆ పని పేరు ఆయన నోటివెంట తిట్టుగానే విన్నాను.

"చెయ్యమ్మా. లామినేషన్ చెయ్యి."

అక్క కాగితం మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించింది, జ్వరం చూసినట్టు. తల అడ్డంగా ఊపింది.

"ఇంకా చెమ్మ ఉందండీ. ఇప్పుడు చేస్తే లోపలే బూజు పట్టిద్ది. తీసుకెళ్ళి ఫ్యాను గాలికి ఆరబెట్టండి, ఎండలో వద్దు. గలగలా చప్పుడొచ్చాక తీసుకురండి."

"ఎండలో పెట్టను" అన్నారు సారు. పిల్లాడిలా చెప్పారు.

పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుని లేచాం. మెట్టు దిగుతుంటే అక్క వెనకనుంచి పిలిచింది.

"సారు గారూ, మూలలు కొయ్యాలా వద్దా? అది కూడా ఇప్పుడే చెప్పండి. మళ్ళీ అనలేదనొద్దు."

సారు వెనక్కి తిరిగారు.

"కొయ్యమ్మా" అన్నారు. "రెండూ ఒకలాగే ఉండాలిగా."